కొత్త పత్రిక రిజిస్ట్రేషన్: హైదరాబాద్‌లో తరచూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి ప్రెస్సుల్లో కొత్త పత్రిక గురించి వాకబు చేస్తే ఇప్పటికీ చాలామంది చెప్పేది ఒకటే వరుస: "ముందు టైటిల్ తెచ్చుకోండి, తర్వాత డిక్లరేషన్ ఇవ్వండి, ఆఖర్న ఆర్‌ఎన్‌ఐ నంబర్ వస్తుంది." ఆ వరుస 1867 నాటి చట్టానిది. 2024 మార్చి 1న ఆ చట్టం పోయి, ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం–2023 అమల్లోకి వచ్చింది. పత్రికలను రిజిస్టర్ చేసే కేంద్ర కార్యాలయం ఆర్‌ఎన్‌ఐ పేరు కూడా ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ ఆఫ్ ఇండియా, పొట్టిగా పీఆర్‌జీఐ. పాత లెక్కతో బయల్దేరినవాళ్లకు నెలల తరబడి కాలం వృథా అవుతోంది. అందుకే ఒక్కో అపోహనూ విడదీసి చెబుతున్నాం.

అపోహ: టైటిల్ చేతికొచ్చాక మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషన్ సంతకం చేయాలి.

వాస్తవం: ఆ మెట్టు ఇప్పుడు లేదు. పీఆర్‌జీఐ వారి ప్రెస్ సేవా పోర్టల్‌లో టైటిల్‌కూ రిజిస్ట్రేషన్‌కూ కలిపి ఒకటే దరఖాస్తు. సంతకం ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసే ఈ-సైన్, చెల్లింపు ఆన్‌లైన్, చివర్లో వచ్చే సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దరఖాస్తు పీఆర్‌జీఐతో పాటు స్థానికంగా నిర్దేశిత అధికారికీ చేరుతుంది. అంటే జిల్లా మేజిస్ట్రేటు, లేదా ఆ పనికి ప్రభుత్వం నియమించిన అధికారి. ఆయన అభ్యంతరం ఉందో లేదో చెప్పడానికి గడువు 60 రోజులు. తుది నిర్ణయం మాత్రం ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్‌దే.

ఈ-సైన్ దగ్గరే మన తెలుగువాళ్లు ఎక్కువగా చిక్కుకుంటారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు వెనక్కి వెళ్లి ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరే. ఫైలు చూసే అధికారికి మాత్రం మూడు పేర్లు. దరఖాస్తు మొదలుపెట్టకముందే ఆధార్, పాన్ ఒకేలా ఉండేలా సరిచేయించుకోండి. యజమాని సొసైటీ, ట్రస్టు లేదా కంపెనీ అయితే ఎవరు సంతకం చేయాలో తేల్చే తీర్మానం రాసిపెట్టుకోండి. పత్రికా ప్రచురణ తమ ఉద్దేశాల్లో ఉందో లేదో నియమావళి తిరగేసి చూసుకోండి.

అపోహ: ఉన్న పేరుకు ముందో వెనకో ఇంకో మాట తగిలిస్తే కొత్త టైటిల్ అయిపోతుంది.

వాస్తవం: దరఖాస్తులు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. చట్టం అడిగేవి రెండు ప్రశ్నలు. అదే భాషలో, దేశంలో ఎక్కడైనా, వేరే యజమానికి అలాంటి పేరు ఉందా? అదే రాష్ట్రంలో, మరే భాషలోనైనా, వేరే యజమానికి అలాంటి పేరు ఉందా? రెండింటిలో దేనికి "ఉంది" అని జవాబొచ్చినా ఆ పేరు రాదు. "అలాంటి" అంటే అచ్చంగా అదేనని కాదు, పోలిక ఉన్నా చాలు.

మొదటి ప్రశ్నను బట్టి, విజయవాడలోనో బెంగళూరులోనో తెలుగులో ఉన్న పేరు హైదరాబాద్‌లో తెలుగు పత్రికకు దొరకదు. రాష్ట్రాలు విడిపోయాయి కదా అనే వాదన పనిచేయదు, ఎందుకంటే భాష ఒకటే. రెండో ప్రశ్న ఈ నగరంలో మరీ ముఖ్యం. ఇక్కడ ఉర్దూ, ఇంగ్లిష్, హిందీ పత్రికలు చాలా ఉన్నాయి. "సియాసత్", "మున్సిఫ్" అనే పేర్లతో తెలుగు పత్రిక లేకపోవచ్చు. కానీ అవి ఇక్కడి ఉర్దూ దినపత్రికల పేర్లు కనుక తెలంగాణలో తెలుగులోనూ మరొకరికి దొరకవు. మనవాళ్లు తెలుగు పేర్లు మాత్రమే వెతికి "ఖాళీగా ఉంది" అనుకుంటారు.

పేరు మధ్యలో ఖాళీ వదిలితేనో, కలిపి రాస్తేనో, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక "ఏ" ఎక్కువ పెడితేనో అది వేరే పేరు కాదు. ముందు "నవ", "న్యూ" అనో, వెనక "డైలీ", "టైమ్స్", "టుడే" అనో చేర్చినా అంతే. చూసేది అసలు మాటనే. ప్రభుత్వ సంస్థల పేర్లను, దర్యాప్తు సంస్థల పేర్లను తలపించే టైటిళ్ల జోలికి వెళ్లకండి. జాతీయ చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని ఆపే 1950 నాటి చట్టం ఎలాగూ ఉంది. టైటిల్ దొరికే అవకాశం ఎంతో శాతంలో చూపే ఏర్పాటు పోర్టల్‌లోనే ఉంది. లెటర్‌హెడ్, లోగో చేయించకముందు అది చూడండి. లోగోకు డబ్బు పోసి ఆ తర్వాత పేరు వెతుక్కోవడం తలకిందుల పని.

మా సలహా ఏమిటంటే, ఊరి పేరో వృత్తి పేరో కలిసిన నిర్దిష్టమైన పేరు ఎంచుకోండి. "ప్రజా", "జన", "వార్త", "గళం" లాంటి మాటల కలయికలు తెలుగులో ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి.

ఇంకో మాట. పీఆర్‌జీఐ ఇచ్చిన టైటిల్ ట్రేడ్‌మార్క్ కాదు. పేరు మీద వ్యాపార హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీలో అచ్చు సామగ్రికి ఉద్దేశించిన 16వ తరగతిలో విడిగా దరఖాస్తు చేయాలి. తెలంగాణకు సంబంధించినంతవరకు ఆ కార్యాలయం చెన్నైలో ఉంది.

అపోహ: నగరంలో ఉన్నాం కాబట్టి జిల్లా గడిలో "హైదరాబాద్" అని రాస్తే సరి.

వాస్తవం: కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లాలో ఉంది. తపాలా చిరునామాలో హైదరాబాద్ అని ఉన్నా రెవెన్యూ జిల్లా వేరు. జిల్లా తప్పు రాస్తే ఫైలు సంబంధం లేని అధికారికి వెళ్తుంది, అక్కణ్నుంచి "మా పరిధి కాదు" అని తిరిగొస్తుంది. ప్రచురణ స్థలం ఒక జిల్లాలో, ముద్రణ స్థలం మరో జిల్లాలో ఉంటే రెండూ విడివిడిగా, ఉన్నవి ఉన్నట్టు రాయాలి. అద్దె ఒప్పందం మీద, కరెంటు బిల్లు మీద ఉన్న ఇంటి నంబరే దరఖాస్తులోనూ ఉండాలి.

ప్రెస్ సంగతి కూడా ఇక్కడే. పత్రికలు అచ్చువేసే ప్రెస్ యజమాని తన వివరాలను ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. మీరు మాట్లాడుకున్న ప్రెస్ ఆ పని చేసిందో లేదో ముందే అడగండి. వాళ్లు పోర్టల్‌లో రాసిన పేరు, చిరునామా అక్షరం తేడా లేకుండా తీసుకుని మీ ఒప్పందంలో వాడండి.

అపోహ: "ఉచిత పంపిణీ", "ప్రైవేట్ సర్క్యులేషన్ మాత్రమే" అని వేస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

వాస్తవం: చట్టంలోని నిర్వచనం ధర గురించి మాట్లాడదు. నియమిత వ్యవధిలో అచ్చై వెలువడుతూ, ప్రజలకు సంబంధించిన వార్తలు గానీ వాటి మీద వ్యాఖ్యలు గానీ ఉంటే అది పీరియాడికల్. కాలనీ సంఘం నెలనెలా వేసే కరపత్రం కూడా వార్తల్లోకి, వ్యాఖ్యల్లోకి దిగితే ఈ పరిధిలోకి వస్తుంది. బయట ఉండేవి పుస్తకాలు, శాస్త్ర, సాంకేతిక, విద్యా విషయక జర్నళ్లు. ఉస్మానియాలో ఒక విభాగం వెలువరించే పరిశోధన జర్నల్‌కు కావాల్సింది ఐఎస్‌ఎస్‌ఎన్ అనే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య. ఢిల్లీలోని నిస్పర్ సంస్థ దాన్ని ఇస్తుంది. వార్తాపత్రికకు ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు.

అపోహ: నంబర్ వస్తే యూట్యూబ్ చానెల్, వెబ్‌సైట్ కూడా రిజిస్టరైనట్టే.

వాస్తవం: ఈ చట్టం అచ్చు పత్రికలకే. డిజిటల్ వార్తలకు 2021 నాటి ఐటీ నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ ఉన్నది రిజిస్ట్రేషన్ కాదు, కేంద్ర సమాచార ప్రసార శాఖకు వివరాలు సమర్పించడం. మొదలుపెట్టిన 30 రోజుల్లోపు ఇవ్వాలి. ఫిర్యాదుల అధికారిని పెట్టుకుని, వచ్చిన ఫిర్యాదును 15 రోజుల్లో తేల్చాలి. "వెబ్ చానెల్‌కు ఆర్‌ఎన్‌ఐ తెప్పిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అలాంటి రిజిస్ట్రేషనే లేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే అక్రిడిటేషన్ (విలేకరులకు ప్రభుత్వ గుర్తింపు), ప్రకటనలు, తపాలా రాయితీ వాటంతటవే వస్తాయి.

వాస్తవం: మూడూ వేర్వేరు తలుపులు. రాష్ట్ర అక్రిడిటేషన్, ప్రభుత్వ ప్రకటనల జాబితా సమాచార పౌరసంబంధాల శాఖ చూస్తుంది. దాని కార్యాలయం మాసబ్‌ట్యాంక్‌లోని సమాచార భవన్. కేంద్ర ప్రకటనలు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్‌వి. కొంతకాలం ఆగకుండా వెలువడిన పత్రికల్నే అక్కడ పరిశీలిస్తారు కాబట్టి మొదటి సంచిక నుంచీ ప్రతి సంచికా, ప్రెస్ బిల్లూ, కాగితం కొన్న బిల్లూ దాచండి. ఎడిటర్ తన ఇష్టప్రకారం ముద్రించి ఇచ్చే కార్డు ఉద్యోగ గుర్తింపు కార్డు మాత్రమే. దాన్ని అమ్ముకోవడం నిజంగా వార్తలు రాసే విలేకరికి చేసే అన్యాయం.

తపాలా రాయితీ విషయంలో త్రైమాసిక పత్రికలు గమనించాలి. 1898 నాటి పోస్టాఫీసు చట్టం సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులకు మించకూడదనీ, నిజమైన చందాదారుల జాబితా ఉండాలనీ షరతు పెట్టింది. 2024 జూన్ నుంచి కొత్త పోస్టాఫీసు చట్టం అమల్లో ఉంది కనుక ఇప్పటి షరతులు ఆబిడ్స్ జీపీఓలో అడిగి, ఆ తర్వాతే చందా రేటు నిర్ణయించండి.

అపోహ: రిజిస్ట్రేషన్ లేకుండా వేస్తే నేరుగా జైలే.

వాస్తవం: నేరుగా కాదు, కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. రిజిస్టర్ చేయకుండా ప్రచురిస్తే 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రచురణ ఆపమని ఆదేశించాక 6 నెలల్లో ఆపకపోతేనే 6 నెలల వరకు జైలు. ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ నిర్ణయం అన్యాయమనిపిస్తే 60 రోజుల్లోపు అప్పీలు బోర్డుకు వెళ్లవచ్చు. ఆ బోర్డుకు ప్రెస్ కౌన్సిల్ చైర్మన్ నేతృత్వం వహిస్తారు.

అపోహ: ఒకసారి నంబర్ వస్తే పత్రిక వేసినా వేయకపోయినా అది మనదే.

వాస్తవం: ప్రచురణ ఆగకుండా కొనసాగించకపోవడం, తప్పుడు వివరాలతో రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం, వార్షిక నివేదికలో అబద్ధాలు రాయడం, ఈ మూడింటికీ సస్పెన్షన్ ఉంది. అది 30 రోజులతో మొదలై 180 రోజుల దాకా సాగుతుంది. అప్పటికీ లోపం దిద్దుకోకపోతే రద్దే. ఆర్థిక సంవత్సరం ముగిశాక వార్షిక నివేదిక గడువులోగా దాఖలు చేయకపోతే మొదటిసారికి 20 వేల రూపాయల వరకు జరిమానా.

అందుకే వ్యవధి ఎంచుకునేటప్పుడు ఆశ కంటే ఓపికను లెక్కపెట్టండి. ఇద్దరు మనుషులు, ఒక కంప్యూటర్ ఉన్నచోట దినపత్రిక అని రాస్తే మూడో నెలకే సంచికలు తప్పుతాయి. పక్షపత్రికగానో మాసపత్రికగానో మొదలుపెట్టి, నిలదొక్కుకున్నాక సర్టిఫికెట్‌లో సవరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. సర్క్యులేషన్ అంకె కూడా ప్రెస్ బిల్లుతో, కాగితం కొనుగోలుతో సరిపోయేదే రాయండి. రెండు వేలు వేసి ఇరవై వేలని రాస్తే కాగితం లెక్కే పట్టించేస్తుంది.

ప్రతి సంచికలో ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, ముద్రణ స్థలం, ప్రచురణ స్థలం ఉండాలి. అవి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఎడిటర్ మారినా, ప్రెస్ మారినా ముందు పోర్టల్‌లో మార్పు చేయించి, ఆ తర్వాతే పేజీలో మార్చండి. ఇంకా, 1954 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ప్రతి సంచికా ఒక్కో కాపీ చొప్పున కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు పబ్లిషరే సొంత ఖర్చుతో పంపాలి. ఈ నాలుగు కాపీలను ప్రెస్‌కు ఇచ్చే ఆర్డరులోనే కలిపి చెప్పండి.