సెప్టెంబరు 30 లెక్క నుంచి డ్రాప్ బాక్స్ దాకా

"వాణ్ణి డ్రాప్ బాక్స్‌లో వేశారా సార్?" బళ్లు తెరిచే రోజుల్లో హెడ్‌మాస్టర్ల మధ్య ఫోన్లలో నడిచే మాట ఇది. పిల్లవాడు బడి మారితే పాత బడివాళ్లు యూడైస్ ప్లస్ అనే, దేశంలోని బళ్ల వివరాలు ఎక్కించే కేంద్ర పోర్టల్‌లో వాడి పేరును తమ లిస్టు నుంచి తీసి ఆ పెట్టెలో వేయాలి. కొత్త బడివాళ్లు అక్కణ్ణుంచి తీసుకోవాలి. వేయడం మరిచిపోతే వాడు కొత్త బడిలో బెంచీ మీద కూర్చుని పాఠం వింటున్నా ఆన్‌లైన్‌లో మాత్రం పాత బడి పిల్లవాడే.

మొదట్లో ఈ లెక్కలో పిల్లల పేర్లే లేవు. 1994లో కేంద్రం జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) మొదలుపెట్టింది. డబ్బు ఎక్కడ ఖర్చు చేయాలో తెలియాలంటే ముందు బళ్ల సంగతి తెలియాలి కదా. ఆ అవసరంలోంచి 'డైస్' పుట్టింది. ఏటా సెప్టెంబరు 30 నాటికి బడి ఎలా ఉందో హెడ్‌మాస్టరు ఒక ఫారం నింపి పంపేవారు. గదులెన్ని, మరుగుదొడ్డి ఉందా, టీచర్లెందరు, ఏ తరగతిలో ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు. సర్వశిక్షా అభియాన్‌తో ఇది దేశమంతా పాకింది. 2012-13లో హైస్కూళ్లను కూడా కలిపి 'యూడైస్' అన్నారు. 11 అంకెల కోడు బడికే ఉండేది. గది లేకపోతే, టీచరు లేకపోతే జవాబు చెప్పాల్సింది సర్కారు.

2022-23 నుంచి కేంద్రం ఒక్కో విద్యార్థి వివరాలు విడివిడిగా అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు నాలుగేళ్లూ 26 కోట్లు దాటి ఉన్న విద్యార్థుల సంఖ్య 2023-24కు 24.8 కోట్లకు దిగింది. లెక్క పద్ధతి మారింది కాబట్టి పాత అంకెలతో నేరుగా పోల్చకూడదని కేంద్ర విద్యాశాఖ చెప్పింది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ తగ్గినవాళ్లలో రెండుచోట్ల పేరున్నవాళ్లెందరో, నిజంగా బడి మానేసినవాళ్లెందరో ఆ అంకెను చూస్తే తేలదు.

తెలుగు రాష్ట్రాలు ఈ దారిలో కేంద్రం కంటే ముందే నడిచాయి. చైల్డ్ ఇన్ఫో పేరుతో పిల్లల వివరాలు ఆధార్‌తో సహా ఇక్కడ ఎప్పుడో ఎక్కాయి. మైక్రోసాఫ్ట్ మెషీన్ లెర్నింగ్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో ప్రయోగం చేసింది. మార్కులు, కుటుంబ పరిస్థితి, బడి వసతులు వంటివి చూసి ఎవరు బడి మానేసేలా ఉన్నారో ముందే చెప్పించింది. 2018-19లో ఒక్క విశాఖ జిల్లా సర్కారు బళ్లలోనే సుమారు 19,500 మంది అలా తేలారు. అలాంటి పిల్లల ఇళ్లకు ముందే వెళ్లి మాట్లాడొచ్చు అన్నది అందులోని మంచి.

తర్వాత రెండేళ్లు తిరక్కుండానే పిల్లల హాజరు లెక్క ఇంకో పనికి అక్కరకొచ్చింది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మఒడి పథకంలో తల్లికి ఏటా 15,000 రూపాయలు అన్నారు. షరతు, 75 శాతం హాజరు. మొదట్లో సడలించినా 2022లో దాన్ని గట్టిగా అమలు చేశారు. పత్తి ఏరడానికో, చెల్లిని చూసుకోవడానికో బడి ఎగ్గొట్టే పిల్లే మానేసే ప్రమాదంలో ఎక్కువగా ఉన్న పిల్ల. విశాఖ లెక్క ప్రకారం ఆమె దగ్గరికి ముందు వెళ్లాలి. అమ్మఒడి లెక్క ప్రకారం ఆమె తల్లికే డబ్బు ఆపాల్సి వచ్చేది. రిజిస్టరులో 'ఎ' వేసే టీచరుకు ఆ టెన్షన్ అంతకుముందు లేదు.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ టీచర్లకు ఫోన్ యాప్‌లో ముఖం చూపించి వేసే ముఖ హాజరు వచ్చింది. సొంత ఫోన్లలో ఆ యాప్ ఎందుకు వేసుకోవాలని సంఘాలు గొడవ చేశాయి. 2023లో తెలంగాణ సర్కారు బళ్లలో పిల్లల ముఖాలకే ఆ పద్ధతి పెట్టారు. పిల్లల తరఫున గొడవ చేయడానికి సంఘం లేదు మరి.

ఆపైన 'అపార్'. 2020 జాతీయ విద్యా విధానం ఆధారంగా ప్రతి విద్యార్థికీ 12 అంకెల శాశ్వత నంబరు. దీనికి మనవాళ్ల ఇంటిపేరే అడ్డం పడుతోంది. అడ్మిషన్ రిజిస్టరులో 'కె. లక్ష్మి' అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా. ఒక్క అక్షరం తేడా ఉన్నా నంబరు రాదు. కూలి మానుకుని ఆధార్ సెంటరు చుట్టూ తిరిగేది మాత్రం లక్ష్మి తల్లే.

బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టం పిల్లల ప్రవర్తనపై నిఘా పెట్టకూడదంది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు చదువు, భద్రత అవసరాల మేరకు విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. అపార్ స్వచ్ఛందమేనని కేంద్రం అంటోంది. 2023 అక్టోబరు నుంచి తల్లిదండ్రుల చేత సంతకం చేయించుకుంటున్న అంగీకార పత్రంలో, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని రాసి ఉంది. అప్పటికే వాడేసిన వివరాలకు అది వర్తించదని కూడా అందులోనే ఉంది.