గడియ తుపాకి కొనబోయే పిల్లలకు

గ్రాండ్ జంక్షన్, కొలరాడో

చిరంజీవులు బాబుకీ, చిట్టికీ,

వచ్చే అక్టోబరులో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి మా కొండల్లోకి వస్తామంటున్నారట, రైఫిల్ కూడా చూసుకుంటున్నారట. నాన్న చెప్పాడు. ఫోన్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందో మాట. మన ఊరు వెళ్లినప్పుడు ఈ కబుర్లు వీరత్వంగా చెప్పకండి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అక్కడ వేట నేరం. ఇక్కడ లెక్క వేరు. ఎన్ని జంతువుల్ని వేటాడొచ్చో రాష్ట్రమే తేల్చి దానికి తగ్గట్టు లైసెన్సులిస్తుంది. రైఫిళ్ల మీదా తూటాల మీదా వేసే పన్ను 1937 నాటి చట్టం ప్రకారం అడవి జంతువుల సంరక్షణకే పోతుంది. అక్కడి ధర్మం అక్కడిది, ఇక్కడి ధర్మం ఇక్కడిది.

బోల్ట్ యాక్షన్ అంటే ఏమిటని చిట్టి అడిగిందట. అమ్మమ్మ వాళ్ల పెరటి తలుపు గడియ గుర్తుందా? పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి దించుతాం. అంతే. వెనక్కి లాగితే కాలిన తూటా డొక్కు బయట పడుతుంది, ముందుకి తోస్తే కొత్తది గొట్టంలో కూర్చుంటుంది, దించితే తాళం పడుతుంది. మన పోలీసుల భుజాన ఒకప్పుడు ఉండిన త్రీ నాట్ త్రీ కూడా గడియ తుపాకే. ఇప్పటి వేట రైఫిళ్లలో చాలావాటికి మూలం జర్మనీలో పాల్ మౌజర్ 1898లో చేసిన రైఫిల్. దాని గడియకి పొడుగాటి కొక్కెం ఒకటుంటుంది. తూటా రైఫిల్ కడుపులోని పెట్టెలోంచి పైకి లేచిన క్షణం నుంచీ దాని అంచు పట్టుకునే ఉంటుంది. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 ఆ కొక్కేన్నే తీసుకుంది. 1962 నాటి రెమింగ్టన్ 700లో అది లేదు, గడియ తూటాని ఊరికే ముందుకి నెడుతుంది. ఏది గొప్పదని ముసలాళ్లు రాత్రుళ్లు వాదించుకుంటారు. ఎల్క్‌కి ఏదైనా చాలు. మీద పడే జంతువు దగ్గరికి వెళ్లేవాడికి మాత్రం కొక్కెం కావాలి.

ఇక తూటా సంగతి. పేర్లు చూసి మోసపోకండి. .30-06లో 30 అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళంలో నూటికి ముప్ఫై వంతులు. 06 అంటే అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న 1906వ సంవత్సరం. 1952లో వచ్చిన .308 వించెస్టర్‌ బులెట్ (తూటా కొసన ఉండి దూసుకుపోయే లోహపు ముక్క) కూడా అదే లావు, డొక్కు మాత్రం పొట్టి. .270 వించెస్టర్ బులెట్ కొలిస్తే .277 వస్తుంది. పేరు పెట్టినవాళ్ల ఇష్టం, మనమేం చేస్తాం.

కొలరాడో చట్టం ఎల్క్‌కి కనీసం .24 అంగుళాల లావు, 85 గ్రెయిన్ల (సుమారు అయిదున్నర గ్రాముల) బరువు ఉండి తగలగానే విచ్చుకునే బులెట్ అడుగుతుంది. 100 గజాల దగ్గర దానికి 1000 ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. అది గడప మాత్రమే. మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. బాబు చూస్తున్న .300 విన్ మాగ్ (వించెస్టర్ మాగ్నం, మందు ఎక్కువ పట్టే తూటా) దానికి సరిపోతుంది, ఆ మాట నిజమే. సరిపోనిది మనిషి భుజం. తూటా పేలగానే రైఫిల్ భుజాన్ని వెనక్కి తంతుంది. ఎనిమిది పౌండ్ల రైఫిల్లో, కాస్త చిన్న తూటా అయిన 6.5 క్రీడ్‌మూర్ 13 ఫుట్-పౌండ్ల దగ్గర తంతే, .308 సుమారు 18, .30-06 సుమారు 20, .300 విన్ మాగ్ 26 దాకా తంతుంది.

ఇది కాగితం మీద చదివి రాయడం లేదురా. ఈ దేశం వచ్చిన కొత్తలో దుకాణంవాడు ఎల్క్ అంటే మాగ్నమే అన్నాడు, కొన్నాను. నాలుగో గుండుకి స్కోప్ (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) అంచు కనుబొమ్మకి కొట్టుకుంది, మూడు కుట్లు పడ్డాయి. స్కోప్‌కీ కంటికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. కుట్లు మానాయి, భయం మానలేదు, నాకా సంగతి తెలియలేదు. ఆ నవంబరులో ఆడ ఎల్క్ ఒకటి 150 గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది. మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకున్నాను. ముందుకాలికి తగిలింది. రెండు రోజులు మంచులో నెత్తురు చుక్కలు చూసుకుంటూ వెతికాం. దొరకలేదు.

తర్వాత ఒక స్నేహితుడు నన్ను గురి సాధన చేసే రేంజికి తీసుకెళ్లాడు. నన్ను అటు తిరగమని, అసలు తూటాల్లో పేలని డమ్మీలు రెండు కలిపి నింపాడు. మూడోసారి మీట నొక్కితే టిక్కుమంది, పేలలేదు. కానీ గొట్టం మూతి రెండంగుళాలు కిందికి వంగిపోయింది. తన్ను రాకముందే నా ఒళ్లు దానికి దడుచుకుంటోంది. నెల తిరక్కుండా మాగ్నం అమ్మేసి .308 కొన్నాను. ఇప్పటికీ అదే.

అందుకని నా సలహా. బాబుకి .308, కాదంటే .30-06. రెండూ ఇక్కడి చిన్న ఊళ్ల కొట్లలో కూడా దొరుకుతాయి. తూటాలు ఇంట్లో మర్చిపోయి వచ్చిన రోజున ఆ విలువ తెలుస్తుంది. చిట్టికి 6.5 క్రీడ్‌మూర్. దాంతో 250 గజాలు దాటి ఎల్క్ మీద పేల్చనని నాకు మాటివ్వాలి. రైఫిల్‌ని 200 గజాలకి సరిచేసుకుంటే .308 బులెట్ 300 దగ్గర తొమ్మిది అంగుళాలు, 400 దగ్గర రెండడుగుల దాకా కిందికి జారుతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు కలిపి ఉన్న చోటు అడ్డంగా ఒకటింపావు అడుగు. గాలి కూడా ఉంటుంది. మీరే లెక్క వేసుకోండి.

రైఫిల్ మీద ఎంత ఆలోచిస్తారో బులెట్ మీదా అంత ఆలోచించండి. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో మూస్ (ఎల్క్ కన్నా పెద్ద జింక) వేటకి వెళ్లాడు. ఒళ్లంతా ఎండిన బురద పట్టిన పెద్ద మూస్ మీద ఆయన బులెట్లు లోతుకి దిగలేదు. ఇంటికొచ్చి, ముందు సగానికీ వెనక సగానికీ మధ్య రాగి అడ్డుగోడ ఉండే బులెట్ చేశాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, వెనక భాగం చెక్కు చెదరకుండా లోపలికి వెళ్తుంది. 1948 నుంచి అమ్ముతున్నారు. పూర్తి రాగివి కూడా మంచివే. సీసం తునకలు మాంసంలోకి పోవు, మిగిలిన పేగులు తినే గద్దలకీ మేలు. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసమే వద్దంది.

మీ బాబాయి కూడా వస్తానంటున్నాడట. అతను హెచ్-1బి మీద ఉన్నాడు. అలాంటి వీసాల వాళ్లు తుపాకి పట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, లాయరు కాగితం చూసి సరేననేదాకా మీ రైఫిల్ అతని చేతికివ్వకండి. చిట్టికి 18 నిండలేదు, దుకాణంలో కొనేది నాన్నే. హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) కార్డులు ఇద్దరూ తెచ్చుకోండి, అది లేనిదే లైసెన్సివ్వరు. నారింజ రంగు జాకెట్లు, టోపీలు నా దగ్గరున్నాయి.

అక్టోబరుకి ముందు, ఆగస్టులో ఒక వారం రండి. అప్పటిదాకా ఏమీ కొనకండి. నా .308 పేల్చి చూడండి, పక్కింటాయన 6.5 అడిగి తెస్తాను. చెవులకి మఫ్లు మీవి మీరు తెచ్చుకోండి. డమ్మీ తూటాలు నా దగ్గర ఆరున్నాయి. ఎన్ని కలిపానో చెప్పను, నేను నింపేటప్పుడు మీరు అటు తిరిగి నిలబడాలి.

మీ
తాతయ్య