జాబితా లేని పడవ

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఎక్కడో ఐదుగురు పోతే ప్రపంచమంతా టీవీలకు అతుక్కుపోతుంది, ఇంకోచోట వందల మంది పోయినా స్క్రోలింగ్‌లో ఒక్క లైనుతో సరిపెడతారు, ఎందుకని అడిగారు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

2023 జూన్ 14, తెల్లవారుజాము. గ్రీసులో పైలోస్ తీరానికి దూరంగా ఒక చేపల పడవ మునిగింది. లిబియా నుంచి ఇటలీకి బయల్దేరిన పడవ అది. సుమారు 750 మంది ఉన్నారని అంచనా. పాకిస్తాన్, సిరియా, ఈజిప్టుల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు. 104 మంది బయటపడ్డారు, 82 శవాలు దొరికాయి, మిగతావాళ్లు నీళ్లలోనే ఉండిపోయారు. మునగకముందు పైనుంచి తీసిన ఫొటో ఒకటుంది. డెక్కు మీద కాలు పెట్టే సందు లేదు, అన్నీ తలలే. ఆడవాళ్లు, పిల్లలు కింది అరలో ఉన్నారట. బతికినవాళ్లలో ఒక్క ఆడమనిషీ లేదు.

సరిగ్గా నాలుగు రోజులకు, టైటానిక్ శిథిలాలు చూడ్డానికి దిగిన టైటన్ అనే చిన్న సబ్‌మెరైన్ జాడ తెలియకుండా పోయింది. లోపల ఐదుగురు. 96 గంటల ఆక్సిజన్ ఉందన్నారు. ఇంకేముంది, టీవీల్లో గడియారం మొదలైంది. అమెరికా, కెనడా విమానాలు వెతికాయి. ఫ్రాన్స్ ఓడ రోబోతో వచ్చింది. 22న శకలాలు దొరికాయి. పాపం, ఆ ఐదుగురిలో పాకిస్తాన్‌కు చెందిన ఒక తండ్రి, 19 ఏళ్ల కొడుకు ఉన్నారు. ఆ పిల్లాడి కోసం నా మనసూ విలవిల్లాడింది.

కానీ చూడండి, పడవలో పోయినవాళ్లలోనూ వందల మంది పాకిస్తానీలే. అంటే ఏ దేశం వాళ్లన్నది ఒక్కటే కారణం కాదన్నమాట. టైటానిక్ కథ అందరికీ తెలుసు. గంటలు లెక్కపెట్టే టెన్షన్ ఉంది. ఆ ఐదుగురి పేర్లు, ఫొటోలు, వాళ్ల గురించి మాట్లాడే స్నేహితులు మొదటి రోజే దొరికారు. పడవ ఎక్కినవాళ్లకు టికెట్లే లేవు, ఇక జాబితా ఎక్కడిది? బంధువులు, బతికినవాళ్లను తీసుకొచ్చిన గ్రీసులోని కలమాట రేవుకు వచ్చి, ఫోన్లో ఫొటో చూపిస్తూ మావాడు కనబడ్డాడా అని అడగాల్సి వచ్చింది.

దూరంలోనే ఇలా జరుగుతుందనుకోకండి. అదే నెల 2న ఒడిశాలో బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. మన విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే బండి. 290 మందికి పైగా పోయారు. దేశమంతా చూసింది, కాదనను. రిజర్వేషన్ ఉన్నవాళ్ల కోసం మన అధికారులు చార్టు దగ్గర పెట్టుకుని ఫోన్లు చేశారు. జనరల్ బోగీలో వేలాడుతూ వెళ్లే వలస కూలీలకు చార్టు ఏది? తీసుకెళ్లేవాళ్లు లేక భువనేశ్వర్‌లో 28 మృతదేహాలు నాలుగు నెలలు ఉండిపోయాయి. అక్టోబరులో కార్పొరేషన్ వాళ్లే దహనం చేశారు. అప్పటికి కెమెరాలు ఎప్పుడో వెళ్లిపోయాయి.

మనవాళ్ల కోసం ఎక్కువ ఏడవడం తప్పు కాదమ్మా. నా బాధల్లా ఒక్కటే, జనం చూపు ఎటుంటే సాయం, విచారణ అటే పరిగెడతాయి. గ్రీసు దగ్గర మునిగిన ఆ పడవను ఐరోపా సరిహద్దు కాపలా సంస్థ విమానం ముందురోజే చూసింది. గ్రీసు కోస్ట్‌గార్డు ఓడ దగ్గర ఉండగానే అది మునిగింది. అదే సమయంలో ప్రపంచమంతా కళ్లార్పకుండా చూస్తూ ఉంటే ఏం జరిగేదో మీరే ఆలోచించండి.

మన పేపర్లూ అంతే. మిరపకోతకు వెళ్లే కూలీల ఆటో బోల్తాపడితే ఆ వార్త చాలాసార్లు జిల్లా పేజీతోనే ఆగిపోతుంది. పక్క జిల్లావాళ్లకు ఆ పేజీయే రాదు. అలాంటిది కనబడితే తిప్పేయకుండా, పేర్లు, ఊరు వేశారా చూడండి. వారం తర్వాత పరిహారం అందిందా అని వెతకండి. ఏమీ రాకపోతే ఎడిటర్‌కు మీరే ఒక ఉత్తరం రాయండి. ఎలా రాయాలో తెలియకపోతే నాకు ఫోన్ చేయండి, కలిసి రాద్దాం.

మీ
అమ్మమ్మ