ట్యాగ్ వేస్తే చాలా? విడుదల వర్క్‌ఫ్లోల గురించి అపోహలు, వాస్తవాలు

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కొనే మండీ వ్యాపారులకు తూకం, హమాలీ, కమీషన్ లెక్కగట్టే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే నలుగురి బృందంలో విడుదలల బాధ్యత నాది. కొత్త వెర్షన్‌ను పెన్ డ్రైవులో వేసుకుని దుకాణం దుకాణానికీ తిరిగిన రోజులు పోయి, కోడును దాచుకునే గిట్‌హబ్‌లోని యాక్షన్స్ సేవలో వర్క్‌ఫ్లో (ఏ పని ఎప్పుడు దానంతటదే జరగాలో చెప్పే ఫైలు) రాసుకుని, ట్యాగ్ (కోడులో ఒక స్థితికి పెట్టే వెర్షన్ పేరు) వేయగానే ప్యాకేజీ సిద్ధమయ్యే దశకు వచ్చాం. ఈ దారిలో నేను నమ్మి దెబ్బతిన్నవీ, అనంతపురం, కడపల నుంచి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాళ్ల నోట ఇప్పటికీ వినబడేవీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వర్క్‌ఫ్లో పెట్టాక విడుదల గురించి మనం ఆలోచించనక్కరలేదు.

వాస్తవం: ఆలోచించడం తప్పదు, కాకపోతే ముందే ఆలోచించాలి. చేత్తో విడుదల చేసేటప్పుడు ఒక టెస్టు ఫెయిలైతే పోనిద్దామా, ఆపుదామా అని అప్పటికప్పుడు తేల్చుకోవచ్చు. వర్క్‌ఫ్లోలో ఆ జవాబును ఫైలు రాసిన రోజే ఇచ్చేసి ఉంటాం, ఇచ్చామన్న సంగతి మనకు తెలియకపోయినా సరే. విడుదల జాబు (వర్క్‌ఫ్లోలో ఒక భాగం) టెస్టుల జాబు ముగిశాకే మొదలవ్వాలని 'నీడ్స్' పంక్తిలో రాయకపోతే ఆ రెండూ పక్కపక్కన ఒకేసారి నడుస్తాయి. టెస్టులు ఎర్రబడేసరికి ప్యాకేజీ గడప దాటిపోయి ఉంటుంది. మేము ఇంకో జాగ్రత్త కూడా పెట్టుకున్నాం. వర్క్‌ఫ్లో డ్రాఫ్ట్ రిలీజ్ వరకే తయారుచేస్తుంది, మార్పుల జాబితా చదివి పబ్లిష్ బటన్ నొక్కేది మాలో ఒకరు.

అపోహ: వెర్షన్ తప్పుగా వెళ్తే తీసేసి, సరిచేసి, అదే నంబరుతో మళ్లీ పంపవచ్చు.

వాస్తవం: జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచుకునే ఎన్‌పీఎంలో ఒకసారి ప్రచురించిన పేరు, నంబరు జంటను ప్యాకేజీ తీసేసినా మళ్లీ వాడుకోనివ్వరు. పైతాన్ ప్యాకేజీలుండే పైపీఐలోనూ తొలగించిన ఫైలు పేరుతో ఇంకో ఫైలు ఎక్కదు. 2016 మార్చిలో 'లెఫ్ట్-ప్యాడ్' అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత తీసేయడంతో ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఆ తరువాతే ఎన్‌పీఎం తొలగింపు నియమాలను బిగించింది. కోడు మార్పులను నమోదుచేసే గిట్‌లో ట్యాగును ఇంకో చోటికి జరపడం సాధ్యమే కానీ, పాత ట్యాగును అప్పటికే దించుకున్నవారి దగ్గర అది పాతదిగానే ఉండిపోతుంది కాబట్టి, ఒకే పేరు మీద రెండు రకాల కోడు తిరుగుతుంది. రైతు చేతికి చీటీ ఇచ్చాక అదే నంబరు మీద ఇంకో తూకం ఎవరూ రాయరు కదా. 1.4.0 చెడితే 1.4.1 విడుదల చేయాలి, అంతే.

అపోహ: ఇతరులు రాసిన యాక్షన్‌ను (వర్క్‌ఫ్లోలో వాడుకునే సిద్ధపు మెట్టును) ట్యాగ్ పేరుతో పిలిస్తే అది మారదు.

వాస్తవం: మన ట్యాగును మనం జరపగలిగినట్టే వాళ్ల ట్యాగును వాళ్లూ, వాళ్ల రిపాజిటరీలో (కోడు దాచిన చోట) చొరబడిన దొంగా జరపగలరు. 2025 మార్చిలో 'టీజే-యాక్షన్స్ చేంజ్‌డ్-ఫైల్స్' విషయంలో ఇదే జరిగింది. 23,000కు పైగా రిపాజిటరీలు వాడుతున్న ఆ యాక్షన్ వెర్షన్ ట్యాగులను హానికర కమిట్ (కోడులో నమోదైన ఒక మార్పు) వైపు తిప్పి, బిల్డ్ లాగ్‌లలోకి రహస్య కీలు బయటపడేలా చేశారు. అందుకే ఆ కమిట్‌నే గుర్తించే పూర్తి 40 అక్షరాల హ్యాష్‌తో పిలవాలి. వర్క్‌ఫ్లోకు తాళంచెవి లాంటి టోకెనుకు, రిపాజిటరీలో రాసే అనుమతిని కూడా వర్క్‌ఫ్లో మొత్తానికి కాక విడుదల జాబు ఒక్కదానికే ఇవ్వాలి.

అపోహ: షెడ్యూల్‌లో రాసిన గంట మన గడియారం ప్రకారమే నడుస్తుంది.

వాస్తవం: విడిగా ఏమీ చెప్పకపోతే అది యూటీసీ, అంటే మన గడియారం కన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం. ఇద్దరు వ్యాపారుల దగ్గర ప్రతి రాత్రీ ట్రయల్ వెర్షన్ పెట్టేవాళ్లం. పది గంటలకు విడుదలైతే, లెక్కలు ముగించే గుమస్తా అప్‌డేట్ చేసి ఇంటికి వెళ్తాడని మా ఏర్పాటు. నేను వేళను చెప్పే క్రాన్ పంక్తిలో నిమిషాల చోట 0, గంటల చోట 22 రాశాను. అది మనకు తెల్లవారుజామున 3:30. పొద్దున్నే ఫోను మోగింది: "ఏమప్పా, లోడు దిగతాంటే నీ కంప్యూటరు అప్‌డేటు అంటాంది!" రాత్రి పదికి కావాలంటే నిమిషాల చోట 30, గంటల చోట 16 రాయాలి. సోమవారం తెల్లవారుజామున 3 గంటలు కావాలంటే ఆదివారం 21:30 అని రాయాలి. ఇక్కడ వారం కూడా మారుతుందని చాలామంది గమనించరు. సరిగ్గా గంట కొట్టే వేళకు రద్దీ ఎక్కువై ఆలస్యమూ కావచ్చు. పబ్లిక్ రిపాజిటరీలో 60 రోజులు కదలిక లేకపోతే షెడ్యూలే ఆగిపోతుంది.

అపోహ: కోడును దించుకునే చెకౌట్ మెట్టు చరిత్ర మొత్తాన్నీ తెస్తుంది.

వాస్తవం: మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది. మార్పుల జాబితా ఖాళీగా వస్తే ముందు, ఎంత చరిత్ర తేవాలో చెప్పే 'ఫెచ్-డెప్త్'ను 0 చేసి చూడండి.

అపోహ: ఒక వర్క్‌ఫ్లో వేసిన ట్యాగ్ ఇంకో వర్క్‌ఫ్లోను లేపుతుంది.

వాస్తవం: గిట్‌హబ్ తానే ఇచ్చే టోకెనుతో ట్యాగ్ వేస్తే లేపదు. వర్క్‌ఫ్లోలు ఒకదాన్నొకటి అంతులేకుండా పిలుచుకోకుండా పెట్టిన అడ్డు అది. ఎక్కడా ఎర్రర్ కనబడదు కాబట్టి దీని మీద నేను ఒక రోజు పోగొట్టుకున్నాను. ఆ రెండు పనులనూ ఒకే వర్క్‌ఫ్లోలో వరుసగా పెట్టడం అన్నిటికన్నా సులువు.

అపోహ: వర్క్‌ఫ్లో రాసే యామల్ ఫైలులో కొటేషన్ గుర్తులు అలంకారమే.

వాస్తవం: పైతాన్ వెర్షన్‌ను కొటేషన్ గుర్తులు లేకుండా 3.10 అని రాస్తే అది సంఖ్యగా మారి 3.1 అవుతుంది.

అపోహ: కమిట్ సందేశాలను బట్టి సాధనమే సరైన వెర్షన్ నంబరు నిర్ణయిస్తుంది.

వాస్తవం: సెమాంటిక్-రిలీజ్ లాంటి సాధనం సందేశం 'ఫిక్స్' అని మొదలైతే చివరి అంకెను, 'ఫీట్' అని మొదలైతే మధ్య అంకెను, బ్రేకింగ్ చేంజ్ అని ఉంటే మొదటి అంకెను పెంచుతుంది. అది కోడును చదివి ఏమీ తేల్చదు, మనం రాసిన మాటను నమ్ముతుంది. మాలో ఒకరు కమీషన్‌ను పైసల్లో ఉంచే బదులు దగ్గరి రూపాయికి సవరించే మార్పు చేసి, తన దృష్టిలో అది పొరపాటు దిద్దడమే కాబట్టి 'ఫిక్స్' అని రాశారు. చివరి అంకె మాత్రమే పెరిగింది, టెస్టులు పచ్చగానే ఉన్నాయి, డ్రాఫ్ట్ చూసిన నేను కూడా చిన్న మార్పే కదా అని పబ్లిష్ నొక్కాను. మర్నాడు ఒక దుకాణంలో గుమస్తా తన చేతి లెక్కకూ బిల్లుకూ పైసలు తేడా వస్తున్నాయని చిత్తు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. ప్రతి బిల్లు మొత్తాన్నీ మార్చేది వాడేవారికి బ్రేకింగ్ చేంజే. ఇప్పుడు లెక్కగట్టే ఫోల్డరులో ఏ ఫైలు మారినా, ఆ డ్రాఫ్ట్‌తో పది పాత బిల్లులు మళ్లీ వేసి ఆ గుమస్తాకు చూపించాకే బటన్ నొక్కుతున్నాం.