కాలు తీయగానే తోక తిప్పే కారు

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్‌కు సరుకు చేర్చే లారీ డ్రైవర్లు తమ దగ్గర చేరిన కుర్రవాళ్లకు చెప్పే మాట ఒకటుంది: వేగం తగ్గించే పని మలుపు రాకముందే అయిపోవాలి, మలుపులో ఉండగా యాక్సిలరేటర్ మీది కాలు తటాలున తీయకూడదు. ఆ మాట వెనుక ఉన్న భౌతికశాస్త్రం నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం ఘాట్ రోడ్డు మీద కాదు. జయపురంలో మా అక్కయ్య ఇంటి మేడమీది గదిలో, బల్లకు బిగించిన స్టీరింగ్ ముందు కూర్చుని మా మేనల్లుడు అసెట్టో కోర్సా అనే కారు రేసింగ్ కంప్యూటర్ ఆటలో ముజెల్లో ట్రాక్‌ను చుట్టి వస్తున్నప్పుడు అర్థమైంది. ఇటలీలోని ఆ ట్రాక్ పొడవు 5.245 కిలోమీటర్లు, మలుపులు 15. వాటిలో ఆరవదైన కాసనోవా పల్లంలోకి దిగుతూ కుడికి తిరుగుతుంది. అక్కడ అతడు బ్రేకును ముట్టుకునేవాడు కాదు, యాక్సిలరేటర్ మీది కాలు మాత్రం తీసేవాడు. అంతలోనే కారు వెనుక భాగం ఎడమకు జారేది, ముక్కు మలుపు లోపలికి తిరిగేది, మరుక్షణంలో కారు తాను వచ్చిన దారినే చూస్తూ నిలబడేది. రేసింగ్ భాషలో దీనిని లిఫ్ట్ ఆఫ్ ఓవర్‌స్టీర్ అంటారు.

ముందుగా బరువు సంగతి చూడాలి. 1300 కిలోల కారు ఒకటి ఉందనుకుందాం. దాని ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉంది, నిలిచి ఉన్నప్పుడు ఒక్కొక్క ఇరుసు మీద 650 కిలోలు పడుతున్నాయి. గురుత్వ త్వరణంలో పదోవంతుతో కారు వేగం పుంజుకుంటుంటే 25 కిలోల భారం వెనక్కి చేరి వెనుక ఇరుసు మీద 675 అవుతుంది. కాలు తీయగానే ఇంజను పట్టివేత (ఇంజన్ బ్రేకింగ్), గాలి నిరోధం కలిసి కారును ఐదోవంతుతో నెమ్మదింపజేశాయనుకుంటే వెనుక భారం 600కు పడిపోతుంది. అంటే కాలు కదిలినంత సేపట్లో 75 కిలోలు, మన లెక్కలో బస్తాన్నర బియ్యం, వెనుక టైర్ల మీద నుంచి ముందు టైర్ల మీదికి మారిపోయాయి. ఇరవై మీటర్లకు ఒక మీటరు దిగే వాలు అయితే మరో 12 కిలోలకు పైగా ఎప్పుడూ ముందుకే ఒరిగి ఉంటాయి. కాసనోవాలోనూ సుంకి దిగుడులోనూ ప్రమాదం ఎక్కువ కావడానికి ఒక కారణం ఇదే.

భారం పెరిగిన ముందు టైర్లు మలుపులోకి మరింత గట్టిగా కరుస్తాయి, వెనుక టైర్ల పట్టు తగ్గుతుంది. పైగా టైరుకు ఉన్న పట్టు అంతా ఒకే మూట. పక్కకు జారకుండా నిలవడానికీ, వేగాన్ని ఆపడానికీ ఖర్చు ఆ మూటలోంచే. వెనుక చక్రాలకు శక్తి అందే కారులో ఇంజను పట్టివేత కూడా వెనుక టైర్ల మీదే పడుతుంది గనుక, అసలే తగ్గిన మూటలో కొంత దానికే పోతుంది.

ఇది ఆటల్లో పుట్టిన సమస్య కాదు. 1963లో తొలిసారి ప్రదర్శించిన పోర్షే 911లో ఇంజను వెనుక ఇరుసుకు కూడా ఆవల ఉండేది. దాని తోకను అదుపు చేయడానికి తొలినాళ్లలో ముందు బంపరు వెనుక 11 కిలోల చొప్పున రెండు ఇనుప దిమ్మలు అమర్చారు. ఆ తరువాత 1969 మోడల్‌కు ఇరుసుల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు.

మా మేనల్లుడు మొదట బ్రేకు బయాస్‌ను, అంటే ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలం పంపకాన్ని, ముందుకు జరిపాడు. బ్రేకే వేయని చోట దానివల్ల ఒరిగేదేమీ లేదు. తరువాత వెనుక రెక్క కోణం పెంచాడు. రెక్క ఇచ్చే ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది గనుక, వేగం సగమైతే అది నాలుగోవంతే మిగులుతుంది, కాబట్టి దాని మీదే ఆధారపడలేం. నా దృష్టిలో ఈ రోగానికి మొదట చూడవలసిన నాడి డిఫరెన్షియల్‌లోని కోస్ట్ లాక్, అంటే కాలు తీసినప్పుడు రెండు వెనుక చక్రాలను ఎంత గట్టిగా కలిపి ఉంచాలో చెప్పే అమరిక.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు వీలు కల్పించేదే డిఫరెన్షియల్. మన రైతుకు దీనిని విడమరిచి చెప్పనక్కరలేదు. దమ్ములో ట్రాక్టరు ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాడు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి బండి బయటపడుతుంది. గట్టి నేల మీదికి వచ్చాక కూడా ఆ లాక్ వదలకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా ట్రాక్టరు తిన్నగానే పోతుంది. రేసు కారులో మనకు కావలసింది ఆ మొండితనంలో కొంచెం, అదీ కాలు తీసినప్పుడు. కోస్ట్ లాక్ పెంచితే, కాలు తీసిన వేళ వేగంగా తిరిగే బయటి చక్రానికి ఎక్కువ నిరోధం, నెమ్మదిగా తిరిగే లోపలి చక్రానికి తక్కువ నిరోధం అందుతాయి. బయటి వైపు ఎక్కువగా లాగితే కారు ముక్కు మలుపు బయటికి తిరగాలని చూస్తుంది, అంటే తోక తిప్పే ఊపుకు ఎదురు నిలుస్తుంది. అతి చేస్తే మాత్రం ట్రాక్టరు గతే పడుతుంది: కారు మలుపులోకి దిగనంటుంది, ముందు టైర్లు వేడెక్కి అరుగుతాయి.

అయితే తోక ఏ క్షణంలో జారుతోందో గమనించకుండా దేనినీ ముట్టుకోకూడదు. కాలు తీసిన తొలి కుదుపులోనే జారితే డంపర్లను, అంటే స్ప్రింగుల కదలికను నెమ్మదింపజేసే షాక్ అబ్జార్బర్లను, చూడాలి. అప్పుడు వెనుక స్ప్రింగులు సాగుతాయి, ముందువి నలుగుతాయి. వెనుక రీబౌండ్‌నూ (సాగేటప్పటి నిరోధం) ముందు బంప్‌నూ (నలిగేటప్పటి నిరోధం) కాస్త మెత్తబరిస్తే భారం నెమ్మదిగా చేతులు మారుతుంది. మారే మొత్తం తగ్గదు, వేగమే తగ్గుతుంది. కుదుపు అణిగాక కూడా తోక మెల్లగా జారుతూనే ఉంటే వెనుక యాంటీ రోల్ బార్‌ను, అంటే మలుపులో కారు పక్కకు ఒరగకుండా రెండు వైపుల చక్రాలను కలిపే కడ్డీని, మెత్తబరచాలి. టైరు మీద భారం రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. కాబట్టి వెనుక బయటి టైరు ఒక్కటే మోయడం కంటే రెండూ పంచుకోవడం మేలు.

వెనుక చక్రాల ముందు అంచులను కొద్దిగా లోపలికి తిప్పే టో-ఇన్ కూడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే భారం మోసే బయటి చక్రం ముందుగానే మలుపు వైపు చూస్తూ ఉంటుంది. 1977లో వచ్చిన పోర్షే 928లోని వైసాక్ ఇరుసు ఈ పనిని తనంతట తానే చేసేది: కాలు తీయగానే కీలులోని రబ్బరు ఒదిగి వెనుక చక్రం లోపలికి తిరిగేది. ఆ ఇంజనీర్ల ఊహను నేను ఎంతో గౌరవిస్తాను. ఆటలో మనం పెట్టుకునే అమరికలో టో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది గనుక తిన్నని దారిలో కూడా టైరు రాసుకుంటూ వేడెక్కుతుంది. అందుకే దీనిని పొదుపుగా వాడాలి.

కాలు నెమ్మదిగా తీస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ముందున్న కారు అకస్మాత్తుగా నెమ్మదిస్తే కాలు తీయక తప్పదు. అదీగాక నిజమైన కారులో తోక కదలడం ముందుగా కూర్చున్న సీటుకు తెలుస్తుంది. బల్ల ముందు మన చేతికి అందేది ముందు చక్రాల కబురు మాత్రమే. అందుకే సిమ్ (ఇలాంటి కంప్యూటర్ ఆట) కారును కాస్త నిదానపు స్వభావంతో సిద్ధం చేసుకోవడమే సరైనదని నేను నమ్ముతాను.

మేం ఇంధనం మార్చకుండా, ఒక్కొక్క మార్పుకు నాలుగేసి ల్యాపులు చొప్పున పరీక్షించాం. కోస్ట్ లాక్ 20 శాతం నుంచి 35కు వచ్చేసరికి కారు గిర్రున వెనక్కి తిరిగిపోవడం ఆగింది. 50 దగ్గర తోక కుదురుకుంది. 65 దగ్గర ముక్కు మలుపు దాటి బయటికి పోయింది. 50కి తిరిగి వచ్చి వెనుక బార్‌ను ఒక్క మెట్టు మెత్తబరిచాం. ఆ తరువాతి ల్యాపులో కాసనోవా నడుమ అతడు కావాలనే కాలు పూర్తిగా తీశాడు. తోక కొద్దిగా ఎడమకు కదిలి ఆగింది. అతడు స్టీరింగ్‌ను నాలుగు వేళ్ల వెడల్పు ఎడమకు తిప్పి సరిచేసుకుని, తరువాతి మలుపైన సావెల్లీ వైపు దిగాడు.