హీమోఫీలియా కాదు, మరేమిటి? ఆలాండ్ దీవుల్లో మొదలైన వెతుకులాట

దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు అనగానే అందరికీ హీమోఫీలియానే గుర్తొస్తుంది. వాన్ విల్లిబ్రాండ్ జబ్బు పేరు విన్నవాళ్లు తక్కువ, అందులోనూ తీవ్రమైన టైప్ 3 చాలా అరుదు.

1924లో ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల నుంచి ఐదేళ్ల పాపను హెల్సింకీకి తీసుకొచ్చారు. అంతకుముందే పెదవి తెగి, రక్తం ఆగక చావు దాకా వెళ్లొచ్చిన పిల్ల. తోడబుట్టిన ఆడపిల్లల్లో నలుగురు చిన్న వయసులోనే రక్తస్రావంతో పోయారు. చూసిన డాక్టర్ ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ దీన్ని హీమోఫీలియా అనేసి చేతులు దులుపుకోలేదు, ఎందుకంటే అది ఎక్కువగా మగవాళ్లకొచ్చేది, ఇక్కడేమో బాధితుల్లో ఆడవాళ్లే ఎక్కువ. ఆ బంధువర్గంలో 66 మంది వివరాలు రాసుకుంటే 23 మందికి ఈ సమస్య ఉందని తేలింది. ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉంది, రక్తం మాత్రం ఆగట్లేదు! 1926లో స్వీడిష్‌లో వ్యాసం రాశాడు. ఆ పాప 13 ఏళ్లకే, నెలసరి రక్తస్రావం ఆగక చనిపోయింది.

అసలు మలుపు 1950ల చివర్లో, స్వీడన్‌లో. ఇంగా మేరీ నిల్సన్, మార్గరెటా బ్లొంబాక్‌ల బృందం ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి తీసిన ఒక భాగాన్ని ఈ జబ్బున్న రోగికి ఎక్కిస్తే రక్తస్రావం అదుపులోకి వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ వల్లేనేమో అనుకోవచ్చు, కానీ ఆ ఫ్యాక్టరే లేని హీమోఫీలియా రోగి ప్లాస్మా నుంచి తీసింది కూడా పనిచేసింది (నా లెక్కలో ఈ కథలో అన్నిటికన్నా తెలివైన ప్రయోగం ఇదే). అంటే ఈ రోగుల్లో లేనిది వేరే ప్రొటీన్ అన్నమాట. గాయం దగ్గర ప్లేట్‌లెట్లను జిగురులా పట్టి ఉంచేదీ, ఫ్యాక్టర్ 8 త్వరగా పాడవకుండా కాపాడేదీ అదే.

దాని జన్యువు 1985లో, 12వ క్రోమోజోమ్ మీద దొరికింది. పెద్ద జన్యువు, పైగా 22వ క్రోమోజోమ్ మీద దాని పనికిరాని నకలు ముక్క ఒకటి ఉండి పరీక్షల్లో తికమక పెడుతుంది. ఆలాండ్ కుటుంబంలోని లోపం బయటపడేసరికి 1993 వచ్చింది: డీఎన్ఏ రాతలో ఒకే ఒక్క అక్షరం, ఒక సైటోసిన్, లేదు, దాంతో అక్కడి నుంచి ప్రొటీన్ రాత మొత్తం తప్పిపోతుంది.

లోపం ఒకవైపు నుంచే వస్తే చాలామందికి పెద్దగా ఇబ్బంది ఉండదు, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే టైప్ 3. మేనరికాలు ఎక్కువున్న చోట్ల, అంటే మన దగ్గర కూడా, అలా కలిసే అవకాశం ఎక్కువ. తేలికపాటి రకాలకు వాడే డెస్మోప్రెసిన్ అనే మందు టైప్ 3 వాళ్లకు పనిచేయదు, ఎందుకంటే అది ఒంట్లో దాచి ఉన్న ప్రొటీన్‌ను బయటికి వదిలిస్తుంది, వీళ్లలో ఆ నిల్వే ఉండదు. ఆ ప్రొటీన్‌నే బయటి నుంచి ఎక్కించాలి.