జో కొట్టే చెయ్యి, ఫిట్స్ గీత

‘ఫిట్స్ తగ్గాయన్నారు. మరి ఐసీయూలో పాప తలనిండా తీగలెందుకు?’ కర్నూలు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న ఇది.

కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగినంత మాత్రాన మెదడులో ఫిట్స్ ఆగినట్టు కాదు. మెదడువాపు వచ్చినా, తలకు గట్టి దెబ్బ తగిలినా, ఆగిన గుండె మళ్లీ కొట్టుకున్నా, ఆ తర్వాత ఒంట్లో చిన్న కదలిక కూడా లేకుండా ఫిట్స్ నడవొచ్చు. వెంటిలేటర్ మీద ఉండగా కండరాలు సడలించే మందు ఇస్తే కంటికి అసలే తెలియవు. అందుకే తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష, ఈఈజీ, అరగంట చాలదు, కనీసం 24 గంటలు తీస్తారు.

ఫిట్స్ వస్తే చేతిలో ఇనుప తాళాలు పెట్టడం మన సీమలో ఇంకా ఉంది. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, పేరేమో తాళాలకు వస్తుంది. వాటికోసం వెతక్కండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ.

ఇక తీగలు. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపుతో కొలుస్తారు. 30 సెంటీమీటర్లుంటే మొదటి గుర్తు 3 దగ్గర, అక్కణ్నుంచి ప్రతి 6కి ఒకటి. ఆ గుర్తుల దగ్గర ఎలక్ట్రోడ్, అంటే తీగ చివరి చిన్న బిళ్ల, పెట్టేచోట నూనె జిడ్డు పూర్తిగా తుడవాలి. మెదడు నుంచి వచ్చేది మైక్రోవోల్టుల్లో ఉండే సంకేతం. చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య కరెంటుకు అడ్డు, అంటే నిరోధం, 5 కిలోఓమ్‌ల లోపు లేకపోతే గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు గీతంతా కమ్మేస్తుంది.

అసలు చిక్కు జో కొట్టడంతో వస్తుంది. తల్లి వీపు మీద తడుతుంటే తల, తీగలు అదే లయలో ఊగుతాయి, తెరమీద అచ్చం ఫిట్స్‌లాంటి అలలు లేస్తాయి. తేడా పట్టేదెలా? జో కొట్టే అల మొదలైన వేగంతోనే చివరిదాకా నడుస్తుంది, చెయ్యి తీయగానే తెగిపోతుంది. ఫిట్స్ అలా ఉండదు, మారుతూ పోతుంది. ఒక మూల సన్నగా, సెకనుకు ఆరేడు అలలతో మొదలై, ఎత్తు పెరిగి, పక్క ఎలక్ట్రోడ్లకు పాకి, సెకనుకు రెండుకు నెమ్మదించి చప్పున ఆగుతుంది. ఈ మార్పు 10 సెకన్లయినా ఉంటే ఫిట్స్ అంటారు. గంటలో మొత్తం 12 నిమిషాలు దాటితే మెదడుకు ముప్పు, మందు పెంచే ఆలోచన చేయాలి.

గంటల గీతలను ఒకే తెరలో రంగులుగా కుదించి చూపే పద్ధతీ ఉంది. ఫిట్స్ వచ్చినచోట రంగు మంటలా లేస్తుంది. జో కొట్టినా లేవొచ్చు! అందుకే అనుమానం వచ్చినచోట అసలు గీతను, పక్కనే వీడియోను కలిపి చూడాల్సిందే. కెమెరాకు అడ్డంగా దుప్పటి వేలాడదీయకండి. బిడ్డను తట్టి ఓదార్చండి, దానికి అడ్డేమీ లేదు. తట్టేముందు సిస్టర్‌కు ఒక్క మాట చెప్తే ఆ టైము రాసుకుంటారు.